నాలుగు తీసేసి చదవాలి

నెల్సన్‌లో మూడు రోజులుగా ముసురు.
కాలవ గట్టున నల్లరాతి మిల్లు.
ఎనిమిది వందల మగ్గాల్లో ఇప్పుడు ఆడేవి నాలుగు,
అవీ శనివారాలు, చూడవచ్చినవాళ్ళ కోసం.
గాలి పొడిబారితే పడుగు పుటుక్కున తెగుతుంది,
చెమ్మ ముదిరితే ఇనుము తుప్పు పడుతుంది.
ఈ ఇద్దరి తగవు తీర్చమని
అగ్గిపెట్టెంత తెల్ల డబ్బీని గోడకెక్కించి
దానికి నన్ను కాపలా పెట్టారు.

అది పదకొండింటికి తొంభై ఆరంటుంది.
పదకొండున్నరకి అరవై.
మూడింటికి మళ్ళీ తొంభై ఆరు.
బయట వాన ఒకే తీరున కురుస్తుంటే
లోపలి గాలికి వేళ తప్పని ఈ పూనకమేమిటి?

ముందు వైరుని అనుమానించాను.
దూలాల వెంట ఇరవై మీటర్లు, మధ్యలో ఎలుక పంటి గాటు.
మార్చాను.
ఐదు వోల్టులు రావలసిన చోట నాలుగున్నర.
సరిచేశాను.
కోడ్‌లో నేనే రాసిన తప్పొకటి దొరికితే
ఎవరూ చూడకుండా దిద్దుకున్నాను.
పదకొండయింది.
తొంభై ఆరు.

ఇక ఉప్పుని సాక్ష్యానికి పిలిచాను.
సీసా మూతలో చెంచాడు ఉప్పు,
తడిసీ తడవనట్టు కొన్ని చుక్కల నీళ్ళు,
సెన్సార్‌ని పక్కన కూర్చోబెట్టి గట్టిగా బిగించాను.
రాత్రంతా వదిలేస్తే ఆ గాలి
డెబ్బై ఐదు దగ్గరికొచ్చి ఆగుతుంది.
ఎవరి వంటింటి ఉప్పైనా అంతే.
ఉప్పుకి మొహమాటం తెలీదు.

తెల్లారి చూస్తే డెబ్బై తొమ్మిది.

నవ్వొచ్చింది. మా సూరప్ప పెదనాన్న గుర్తొచ్చాడు.
పాము ఆరడుగులుందని ఆయనంటే
రెండడుగులు తీసేసి భయపడేవాళ్ళం.
ఎప్పుడూ అంతే ఎక్కువ చెప్పేవాడు,
ఒక్క అంగుళం అటూ ఇటూ పోకుండా.
అలాంటివాణ్ణి నమ్మడం తేలిక.

డబ్బీ మీద కాగితం అంటించాను:
నాలుగు తీసేసి చదవాలి.

తొంభై ఆరు తొంభై రెండయింది, అంతే.
పూనకం అలాగే ఉంది.

గురువారం పదకొండుకి ముందే నిచ్చెనెక్కి
డబ్బీ పక్కన తల ఆనించి కూర్చున్నాను.
కింద, చెక్క అడ్డుగోడ వెనక,
ఎడ్విన్ ఓర్మరాడ్ కెటిల్ పెట్టాడు.
ఎనభై ఒకటేళ్ళు. పదిహేనో ఏట ఈ షెడ్డులోనే
మగ్గాలు బాగుచేయడం మొదలెట్టి
ఆ మోతకి చెవులు ఇచ్చేసినవాడు.
మన పెదాలు చూసి మాట వింటాడు.
కెటిల్‌కి పెదాల్లేవు.
దానంతటది ఆగే మీట ఎప్పుడో విరిగింది.
అది మరిగి, మరిగి, కేకలేసి,
ఆయనకి గుర్తొచ్చేదాకా మరుగుతూనే ఉంది.

ఆవిరి వచ్చి నా కళ్ళద్దాలు కప్పేసింది.
పక్కన డబ్బీ తన అంకె చెప్పింది.
నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

కెటిల్ మార్చమని చెబుదామని దిగాను.
నేను పెదవి కదపకముందే
ఆయన రెండో కప్పు కడిగి బోర్లించాడు.
టీ బాగా చిక్కగా, వెగటుగా ఉంది.
తాగాను.

మగ్గాల దగ్గరికి కొత్త సెన్సార్ తెప్పించాను.
కొత్త మీటతో కెటిల్ కూడా కొన్నాను,
అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.
పాత డబ్బీని ఎందుకో అక్కడే ఉంచేశాను.
ఎవరికీ అక్కర్లేని దాని గీత
నా ల్యాప్‌టాప్‌లో ఓ మూల పాకుతుంటుంది.
పదకొండింటికో గుట్ట, మూడింటికో గుట్ట.
రిజిస్టర్లో, దోషం అన్న గడిలో
ఏమీ రాయలేదు.

ఇవాళ పదకొండూ ఇరవై.
వాన వెలిసింది.
గీత చదునుగా ఉంది.
నాలుగు తీసేసి చూశాను, కలిపి చూశాను.

కుర్చీ వెనక్కి నెట్టి
మెట్ల వైపు నడిచాను.